సిరిమాను కదలక ముందే విజయనగరం చేరాలి

విజయదశమి దాటాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను, అంటే పొడవాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. ఉత్తరాంధ్రలో ఈ లెక్క చిన్నపిల్లలు కూడా చెబుతారు. బయటి ఊళ్ల వాళ్లు మాత్రం క్యాలెండరు చూసుకుని వెంటనే టిక్కెట్లు కొనెయ్యకూడదు. పండగ 2025లో అక్టోబరు 7న, 2024లో 15న, 2023లో 31న జరిగింది. దశమి మంగళవారానికి మరీ ఆనుకుని పడిన ఏడు పండగ ఒక వారం ఆలస్యంగా వస్తుంది. ఆలయం వాళ్లు ప్రకటించిన తేదీ చూశాకే ప్రయాణం ఖాయం చేసుకోవాలి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది. లాడ్జి గదులు అంతకంటే ముందే అయిపోతాయి.

చాలామంది మంగళవారం మధ్యాహ్నం దిగి, సాయంత్రం మాను మీద పూజారిని చూసి, రాత్రి బండెక్కేస్తారు. దండం పెట్టుకోవడమే పనైతే అది చాలు. పండగ అర్థం కావాలంటే చాలదు. ఆ మాను కదలాలంటే ఎవరెవరు ఏమేం తేవాలి, ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నదే అసలు పండగ. అదంతా మంగళవారానికి ముందే కనిపిస్తుంది. అందుకే ఈ కథనం శనివారం దగ్గర మొదలవుతుంది.

శనివారం

విశాఖ నుంచి విజయనగరం 60 కిలోమీటర్లు. హౌరా-చెన్నై రైలు దారిలో రాయపూర్ లైను చీలేది ఇక్కడే కాబట్టి రైళ్లకు లోటు లేదు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నాన్‌స్టాప్ బస్సులూ ఉంటాయి. పండగ రెండు రోజులూ బస్సులను ఊరి బయటే ఆపి దారి మళ్లిస్తారు. శనివారం వస్తే ఆ తిప్పలుండవు. గది స్టేషను వైపు దొరికితే అదే తీసుకోండి. మూడు లాంతర్ల దగ్గర గుమ్మంలోనే పండగ ఉంటుందన్న మాట నిజమే కానీ, సోమవారం మధ్యాహ్నం నుంచి అక్కడ గదిలోంచి బయటికి రావడం, బయటి నుంచి గదికి చేరడం రెండూ గగనమే.

మొదటి సాయంత్రం ఊరి నడక. మూడు లాంతర్ల కూడలిలో ఉన్నది చదురుగుడి, అంటే అమ్మవారి ఊరి గుడి. లాంతర్లున్న పాత కట్టడాన్ని 2020లో తీసేశారు. పేరు మాత్రం ఎవరి నోటి నుంచీ పోలేదు. అక్కడి నుంచి గంటస్తంభం, అది దాటి కోట. మంగళవారం మాను తిరిగేది గుడికీ కోటకీ మధ్యే కాబట్టి జనం లేనప్పుడు ఆ దారి ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరికి నడవాలి. దారి ఎక్కడ ఇరుకవుతుందో, ఏ సందు ఎటు తేలుతుందో, ఎత్తు అరుగులు ఎక్కడున్నాయో ఈ రోజే గుర్తుపెట్టుకోండి. మంగళవారం ఇదే దారిలో తలలు తప్ప ఏమీ కనిపించవు.

కోట చతురస్రం. నాలుగు మూలలా బురుజులు, తూర్పున నగారఖానా వాకిలి, పడమట మరో వాకిలి. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం, విజయరామరాజు పేరు మీద పునాది పడిందనీ, అందుకే ఊరి పేరులోనూ విజయమే ఉందనీ చెబుతారు. ఈ గొలుసులో మంగళవారాన్ని గుర్తుంచుకోండి. లోపల ఇప్పుడు మాన్సాస్ విద్యాసంస్థలున్నాయి. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో నెలకొల్పిన ట్రస్టు అది.

వేళ మిగిలితే మహారాజా సంగీత కళాశాల దాకా వెళ్లొచ్చు. 1919లో మొదలైంది, తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. గుజరీ దుకాణాల్లో ఏమైనా కొనాలన్నా ఈ రాత్రే మంచిది. రేపటి నుంచి బేరానికి ఎవరూ దిగరు.

ఆదివారం

పొద్దున్నే వనంగుడి. ఇది రైల్వే స్టేషను దగ్గర ఉంటుంది. ఒకే అమ్మవారికి రెండు గుళ్లేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. వనంగుడి పుట్టిల్లు లాంటిది. వైశాఖంలో దేవర ఉత్సవం చేసి అమ్మను చదురుగుడికి తీసుకొస్తారు, సిరిమాను ఉత్సవాలన్నీ ముగిశాక మళ్లీ వనంగుడికి పంపుతారు. దుక్కులు మొదలయ్యే రోజుల్లో ఊళ్లోకి వచ్చి, పంట చేతికి వచ్చే వేళకి వెనక్కి వెళ్తుందన్నమాట. పక్కా వ్యవసాయ క్యాలెండరు ఇది.

కథ 1757 నాటిది. ఆ ఏడు జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. ఫ్రెంచి సేనాని బుస్సీ సాయంతో విజయనగరం రాజు పెద విజయరామరాజు బొబ్బిలి కోటను ముట్టడించాడు. కోట పడింది, కానీ తాండ్ర పాపారాయుడు రాజును ఆయన గుడారంలోనే పొడిచి చంపాడు. ఆ రాజు చెల్లెలే పైడిమాంబ. యుద్ధం వద్దని అన్నకు చెప్పిందనీ, మశూచితో మంచాన ఉండి కూడా అన్నకు ముప్పని తెలిసి పతివాడ అప్పలనాయుడిని వెంటబెట్టుకుని బయల్దేరిందనీ, ఇప్పుడు వనంగుడి ఉన్న చోటికి వచ్చేసరికి అన్న చావు కబురు విని పడిపోయిందనీ చెబుతారు. పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని అప్పలనాయుడితో చెప్పి దేవిలో కలిసిపోయింది. జాలర్లు వల వేసి ఆ విగ్రహాన్ని పైకి తీశారు. అప్పలనాయుడే తొలి పూజారి అయ్యాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోట గెలిచిన పక్షం వాళ్ల పండగ ఇది. అయినా రెండు రోజుల తంతులో గెలుపు ఊసు ఎక్కడా రాదు. వద్దని చెప్పిన ఆడపడుచు మాట, ఆమె దుఃఖం, నీళ్లలో వల వేసిన వాళ్ల చెయ్యి, ఇవే నిలబడ్డాయి. రాజుగారి చెల్లెలు ఊరందరికీ తల్లయింది. విజయనగరం చుట్టుపక్కల పైడిరాజు, పైడితల్లి, పైడమ్మ అన్న పేర్లు ఇంటికొకటి ఉండడానికి కారణం ఇదే.

వనంగుడి నుంచి పెద్దచెరువు గట్టుకు. చూడ్డానికి ఓ పావుగంట చాలు. పండగ తర్వాతి మంగళవారం తెప్పోత్సవం జరిగేది ఈ నీళ్లలోనే.

మిగిలిన పొద్దంతా హుకుంపేటకే ఇవ్వాలి. పూజారి ఇల్లు, మాను తయారయ్యే చోటు అక్కడే. పండగకు కొన్ని వారాల ముందు, మాను ఎక్కడుందో అమ్మ పూజారి కలలో కనిపించి చెబుతుందని నమ్మకం. ఆ గుర్తుల ప్రకారం వెతుకుతూ వెళ్లి చింతచెట్టును పోల్చుకుంటారు. ఎవరి పొలంలో ఉన్నా చెట్టుగలవాళ్లు కాదనరు. అది ఆ ఇంటికి దక్కిన గౌరవం. చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పూజ చేశాకే గొడ్డలి వేస్తారు. ఆ ఊరి జనం మేళతాళాలతో మానును సాగనంపుతారు, దారిలోని ఊళ్లు నీళ్లు వారబోసి ఎదురొస్తాయి.

కావలసింది ఒక్క చెట్టు కాదు, రెండు. ఒకటి సిరిమాను: 50 నుంచి 60 అడుగుల పొడవు, వీలైనంత తిన్నగా ఉండాలి. రెండోది ఇరుసుమాను: పొట్టిది, లావుది, సిరిమాను బరువంతా మోసేది. రెండూ చింతే. చింతకర్ర గట్టిది, బరువు మోసినా పుటుక్కున విరగదు. చిక్కల్లా చింతచెట్టు తిన్నగా పెరగకపోవడమే. గుబురుగా పక్కలకు విస్తరించే చెట్టులో అంత పొడుగు మొద్దు దొరకడం అరుదు. కల మాట అలా ఉంచితే, వెతకడానికి అన్ని రోజులు ఎందుకు పడుతుందో ఆ మాను పక్కన నిలబడితే తెలుస్తుంది.

చెక్కడం వడ్రంగుల పని. బెరడు తీసి, కణుపులు చదును చేసి, మొదలు నుంచి కొనకు సన్నబడేలా చెక్కుతారు. సిరిమాను పనిచేసే తీరు ఏతానిదే. మధ్యలో ఇరుసు, వెనక బరువు, ముందు పొడుగు కొస. కొసన పూజారి కూర్చునే పీఠం ఉంటుంది. మొదలు వైపు లావు, బరువు ఎక్కువ కాబట్టి ఇరుసు రంధ్రం మొదలుకు దగ్గరగా పడాలి. అది కొస వైపు జరిగితే వెనక భాగం దిగబడి, పీఠం కిందికి దించడానికి తాళ్లు పట్టేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మరీ మొదలు వైపు జరిగితే కొస బరువెక్కి, ఎత్తిన చోట నిలవదు. చెక్కేటప్పుడు చూడాల్సిన ఇంకో విషయం కణుపు. వంపు వచ్చే చోట కణుపు పడితే ఆ మాను మీద భయం ఉంటుంది. పచ్చికర్ర బరువైనా సాగుతుంది, మరీ ఎండితే నెర్రెలు విచ్చుతుంది. చెట్టు కొట్టడానికీ పండగకూ మధ్య నెలల గడువు ఉంచకపోవడంలో ఆ లాభం కూడా ఉంది.

వెళ్లినవాళ్లు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. చెప్పులు వీధిలోనే వదలాలి. మానును కాలితో తాకకూడదు, దాటకూడదు. ఫొటోకి ముందు అడగాలి. వడ్రంగి ఉలి పట్టుకుని ఉండగా ప్రశ్నలు వెయ్యకూడదు, టీకి లేచినప్పుడు అడిగితే పూర్తిగా చెబుతారు. పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ తీసుకెళ్తే చాలు.

సోమవారం: తొలేళ్లు

ఉత్తరాంధ్ర గ్రామదేవత పండగ ఏదైనా తొలేళ్లతోనే మొదలవుతుంది. సిరిమాను రోజు ఊరు చూసేవాళ్లది, తొలేళ్లు మొక్కుకున్నవాళ్లది. దర్శనం చేసుకోవాలంటే తెల్లవారుజామున 4 గంటలకల్లా క్యూలో ఉండండి. ఎండెక్కాక వచ్చినవాళ్లు గంటలకొద్దీ నిలబడాలి. క్యూలోకి నీళ్ల సీసా, చిన్న గుడ్డసంచీ చాలు. ఫోన్లో డబ్బులు కట్టొచ్చులే అనుకోకండి. జనం పెరిగేకొద్దీ సిగ్నలు పోతుంది. 10, 20 రూపాయల నోట్లు ముందే మార్చుకోవాలి.

ఈ రోజు వీధుల్లో కనిపించేవి ఘటాలు. మొక్కున్న ఇంటి ఆడవాళ్లు ఉపవాసం ఉండి ఘటం ఎత్తుతారు. మట్టికుండ గానీ ఇత్తడి బిందె గానీ శుభ్రంగా తోమి, బయటంతా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడతారు. లోపల ముప్పాతిక వరకు పసుపునీళ్లు, మూతి చుట్టూ వేపరెమ్మలు. పైన మూకుడు బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, అందులో నూనె పోసి, లావుపాటి వత్తి వెలిగిస్తారు. తల మీద చుట్టకుదురు, దాని మీద ఘటం. తప్పులు జరిగేది రెండు చోట్ల. నీళ్లు అంచుదాకా పోస్తే డప్పుకు కాలు కదిలినప్పుడల్లా తొణికి మూకుడు తడిసి దీపం ఆరుతుంది. వేపరెమ్మలు పొడుగ్గా వదిలితే మంటకు అంటుకుంటాయి. జానెడు పొడవుకు కత్తిరించి, ఆకులు బయటికి వాలేలా దోపాలి. కొత్త కుండ అయితే ముందు రోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే చెమరుస్తూ పసుపంతా కారిపోతుంది.

నైవేద్యానికి చలిమిడి, వడపప్పు, పానకం. పచ్చి చలిమిడికి కిలో బియ్యం మూడు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు వడకట్టి, గుడ్డ మీద కాసేపు ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే దంచుతారు. అందులో అరకిలో మెత్తటి బెల్లం కలిపి మళ్లీ దంచితే ముద్దవుతుంది. నీళ్లు ఒక్క చుక్క వెయ్యకూడదు, పిండిలో తడే చాలు. బియ్యం మరీ ఆరిపోతే పిండి బెల్లాన్ని పట్టదు, సరిగా ఆరకపోతే జావలా జారుతుంది. పానకానికి లీటరు నీళ్లకు 150 గ్రాముల బెల్లం, అర చెంచా మిరియాల పొడి, రెండు యాలకులు. కోడి, మేక మొక్కులు కూడా ఉన్నాయి. రెండు రోజులూ ప్రతి ఇంటికీ ఆడపడుచులు, అల్లుళ్లు, వాళ్ల పిల్లలు వచ్చి ఉంటారు. ఊళ్లో బంధువులెవరైనా ఉంటే హోటలు భోజనం గురించి ఆలోచించే అవసరమే రాదు, వాళ్లు ఊరుకోరు కూడా.

మధ్యాహ్నం నుంచి ఆటలు. పులివేషాలు, కోలాటం, చెక్కభజన, డప్పులు అన్నీ ఉంటాయి గానీ తప్పెటగుళ్ల జట్టు కనిపిస్తే మిగతావి వదిలి అక్కడే నిలబడండి. గుండ్రటి రేకు తప్పెట మెడలోంచి రొమ్ము మీదికి వేలాడుతుంది, నడుముకు, కాళ్లకు గజ్జెలు. రెండు చేతులతో తప్పెట వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. ఆ గోపురంలో కూడా దరువు ఆగదు. యాదవుల ఆట ఇది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల సొత్తు. వేదిక మీద పది నిమిషాలకు కుదించి ఆడినప్పుడు ఇందులో సగం పోతుంది. వీధిలో ఆడితే జట్టు నాయకుడు జనాన్ని బట్టి పాట పొడిగిస్తాడు, తగ్గిస్తాడు, అందులోనే ఉంది దాని రుచి. ఇవే రోజుల్లో జరిగే విజయనగర ఉత్సవాల్లో సంగీతం, నాటకం, పూల ప్రదర్శన లాంటివి వేర్వేరు వేదికల మీద ఉంటాయి. వాటికి ఆదివారం సాయంత్రం కేటాయించుకుంటే సోమవారం వీధికే మిగులుతుంది.

రాత్రి మేలుకోవాలి. అమ్మవారి ఘటాలు చదురుగుడి నుంచి కోటకు వెళ్తాయి. అక్కడ పూజలయ్యాక తిరిగి గుడికి చేరతాయి. ఆ తర్వాత పూజారి అమ్మ మాటగా ఆ ఏటి వానలు, పాడిపంటల సంగతి చెబుతాడు, రైతులకు విత్తనాలు పంచుతాడు. పిడికెడు ధాన్యమే. దాన్ని కొంగులోనో కండువాలోనో మూటగట్టుకుని ఇంటికి తీసుకెళ్లి విత్తనాల్లో కలుపుతారు. పొలం లేనివాళ్లు గాదెలోనో బియ్యం డబ్బాలోనో వేసుకుంటారు. ఎంత దూరం నుంచో ఎడ్లబండ్ల మీద వచ్చి రాత్రంతా కాచుకున్న రైతు కుటుంబాల పండగ ఇది. ఈ నాలుగు రోజుల్లో ఒక్క ఘట్టమే చూసే వీలుంటే దేన్ని చూడాలని ఎవరైనా అడిగితే, మానును కాదని ఈ విత్తనాలకే ఓటు వెయ్యాలి. సరుకు చిన్నది, దాని వెనక ఉన్న లెక్క పెద్దది. కోట రాజుది, గుడి అమ్మది, వాటి మధ్య తిరిగిన దీవెన చివరికి చేరేది దుక్కి దున్నేవాడి చేతికి.

మంగళవారం: సిరిమాను

తెల్లారాక రెండు మూడు గంటలు పడుకోండి. ఈ రోజు దర్శనం జోలికి వెళ్లొద్దు. పొద్దున్నే మాను హుకుంపేట నుంచి బయల్దేరి చదురుగుడి ముందుకు వస్తుంది. ఊరేగింపు చెప్పిన వేళ మధ్యాహ్నం 3 గంటల ప్రాంతం. ఆలస్యం ఎందుకవుతుందో తెలిస్తే విసుగుండదు. మాను గుడికి చేరడానికే జనం దారివ్వాలి. బండి మీద ఇరుసుమాను బిగించి, సిరిమాను ఎక్కించి, తాళ్లు కట్టి, ఒకసారి ఎత్తి దించి చూడాలి. ముందు నడిచేవన్నీ వరుసలోకి రావాలి. వాటిలో ఏ ఒక్కటి రాకపోయినా మాను కదలదు.

11 గంటలకు భోజనం ముగించి, ఒంటిగంటకల్లా చోటు చూసుకోవాలి. గుడి ఎదుట నిలబడితే పూజారి మానెక్కడం కనిపిస్తుంది కానీ తోపులాట అక్కడే ఎక్కువ. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు కోట వైపు మేలు. అక్కడ చోటు కాస్త విశాలం, మాను మలుపు తిరగడం కూడా బాగా కనిపిస్తుంది. మూడు సార్లు వచ్చిపోతుంది కాబట్టి మొదటిసారి కనబడలేదని ముందుకు తోసుకెళ్లే అవసరం లేదు. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. చేతి మీద పెన్నుతో రాస్తే చెమటకు చెరిగిపోతుంది.

మొదట వచ్చేవి చూడకుండా మెడలెత్తి మాను కోసమే ఎదురుచూస్తే పండగలో సగం పోయినట్టే. పాలధార వాళ్లు ఈటెలు, బల్లేలతో డప్పుల మోత మధ్య నడుస్తారు. రాజులకు సైన్యమై నిలిచిన అడవి జనానికి గుర్తు అది. జాలరి వల: పెద్దచెరువు నుంచి అమ్మను బయటికి తీసిన బెస్తల హక్కు. ఆ వల ముందు నడవాలి, అమ్మ వెనక రావాలి. తెల్ల ఏనుగు: బండి మీద కట్టిన ఏనుగు రూపం, రాచరికపు ఊరేగింపు గుర్తు. అంజలి రథం మీద మగవాళ్లు ఆడవేషం కట్టి అమ్మ పరిచారికలై అక్షింతలు చల్లుతుంటారు. ఈ వరుసలో నడిచే పిలుపు ఇప్పటికీ వంశాలకే వస్తుంది. తాత వల మోస్తే మనవడు మోస్తాడు. ఉద్యోగం ఏ ఊళ్లో ఉన్నా ఆ మంగళవారం సెలవు పెట్టుకుని వస్తాడు. జాతరలు మన సమాజాన్ని కలుపుతాయని మాటవరసకు అనడం సులభం. ఎవరికి ఎంత బాకీ ఉందో రాసిపెట్టుకుని, ఏడాదికొకసారి నడివీధిలో ఒప్పుకోవడం వేరు, ఇక్కడ జరిగేది అదే. ఇందులో లోపాలు లేవని కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టింపులూ, పాసులున్న వాళ్లకి నీడ, లేనివాళ్లకి ఎండ అన్న తేడా ప్రతి ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

వీటన్నిటి వెనక సిరిమాను. కొసను కిందికి దించి పూజారిని పీఠం మీద కూర్చోబెట్టి కట్టుదిట్టం చేస్తారు, ఆ తర్వాత మెల్లగా పైకి లేపుతారు. లేచే క్షణంలో "జై పైడిమాంబ" అన్న కేక గుడి నుంచి కోట దాకా పాకుతుంది. ఆ పూట పూజారి పూజారి కాదు, అమ్మే. ఇళ్ల మేడల మీద నుంచి, వీధిలోంచి అరటిపళ్లు విసురుతారు. మొక్కు తీరినట్టు లెక్క. చూసేవాళ్లకు అందులో తెలిసి ఉండాల్సింది ఒకటే: ఆ పళ్లు కింద పడి, కాళ్ల కింద నలిగి, తారురోడ్డు నూనె పోసినట్టు జారుతుంది. పడిపోయేవాళ్లలో ఎక్కువమంది మాను వంక చూస్తూ వెనక్కి అడుగేసినవాళ్లే. కాలికి పట్టున్న చెప్పులు వేసుకోండి, లేదా వట్టి కాళ్లతో ఉండండి. రబ్బరు స్లిప్పర్లు మాత్రం వద్దు.

మాను కోట దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. విజయనగరం రాజులైన పూసపాటి వంశీకులు కోట మీద నుంచి దండం పెడతారు. అంత ఎత్తు బురుజు మీదున్నవాళ్లు కూడా తలెత్తి చూడాల్సిన ఎత్తులో ఆ ఇంటి ఆడపడుచు ఉంటుంది. గుడికీ కోటకీ మధ్య ఇలా మూడుసార్లు. అన్నింటికన్నా కష్టం మలుపు తిప్పడం. బండిని తిప్పే వేగం, కొస ఊగే వేగం ఒకటి కావు. బండి ఆగాక కూడా పైన కొస కాసేపు ఊగుతూనే ఉంటుంది. అందుకే తాళ్లు పట్టినవాళ్లు రెండు వైపులా సమానంగా లాగి, ఊపు తగ్గాకే మళ్లీ కదులుతారు. ఇంతలో జనం ఎదురొచ్చి తాళ్ల కిందికి దూరితే పనంతా చెడుతుంది. తాడు కనిపించిన చోటి నుంచి కనీసం పది అడుగులు వెనక్కి ఉండాలి.

వాన సంగతి మరిచిపోకూడదు. దసరా రోజులు ఈ తీరానికి తుపానుల కాలం కూడా: ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గొడుగు జనంలో పనికిరాదు, పక్కవాడి కన్ను పొడుస్తుంది. తల మీంచి తొడుక్కునే పల్చటి ప్లాస్టిక్ కోటు తెచ్చుకోండి.

మూడో తిరుగుడు మొదలవగానే చిన్నగా పక్క సందులోకి జారుకున్నవాళ్లు గంటలో గదికి చేరతారు. చివరిదాకా నిలబడినవాళ్లకు రెండు మూడు గంటలు పట్టొచ్చు. ఏదైనా పర్లేదు గానీ, అదే రాత్రికి రైలు టిక్కెట్టు మాత్రం పెట్టుకోవద్దు.

బుధవారం

లేవడం ఆలస్యమైనా ఫర్వాలేదు. మధ్యాహ్నానికల్లా బొబ్బిలి బయల్దేరండి. రాయపూర్ లైనులో గజపతినగరం మీదుగా రైలుంది, బస్సులూ ఉన్నాయి, దూరం 55 కిలోమీటర్ల చిల్లర. మంగళవారం చూసిన కథకు రెండో సగం ఇక్కడుంది. యుద్ధస్తంభం దగ్గర నిలబడితే అదే 1757 మరో పక్షం నుంచి కనిపిస్తుంది. అక్కడ వీరులు పాపారాయుడు, బొబ్బిలి రాజు రంగారావు. రెండు ఊళ్ల మధ్య ఇప్పుడు పంతాలేవీ లేవు, బొబ్బిలి వాళ్లు కూడా పిల్లాపాపలతో పైడితల్లమ్మ సిరిమానుకు వస్తారు.

దగ్గరలోని గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనస మొద్దును ఒకే కర్రగా తొలిచి చేసే ఏకాండి వీణ ఇక్కడి ప్రత్యేకత, దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మూడు రోజుల కిందట చింతమాను మీద ఉలి పని చూసినవాళ్లకు ఇక్కడ పనస మీద చేసే పని వెంటనే అర్థమవుతుంది. ఇంటికి తీసుకెళ్లడానికి చిన్న బొమ్మ వీణలు దొరుకుతాయి.

ఆ తర్వాత

సెలవు మిగిలినవాళ్లు తర్వాతి మంగళవారం తెప్పోత్సవానికి ఉండొచ్చు. పెద్దచెరువులో హంసవాహనం మీద అమ్మవారు మూడుసార్లు తిరుగుతుంది. సిరిమాను నాటి జనంలో పదో వంతు కూడా ఉండరు, గట్టు మీద ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. సాయంత్రం 4 గంటలకల్లా చేరితే చాలు. ఆ తర్వాత ఉయ్యాలకంబాలు, చివర్లో చండీహోమం, పూర్ణాహుతితో భక్తుల దీక్షలు ముగిసి అమ్మ వనంగుడి దారి పడుతుంది.

ఈ ఏడు తప్పిపోయిందనుకునేవాళ్లకు జనవరిలో మరో అవకాశం ఉంది. పార్వతీపురం మన్యం జిల్లా మక్కువ మండలంలోని సంబర గ్రామంలో, సంక్రాంతి వెళ్లాక, పోలమాంబ జాతర జరుగుతుంది. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, బుధవారం అనుపు, అంటే అమ్మను సాగనంపడం. వరుస ఇదే, ఊరు చిన్నది, చలికాలం కాబట్టి వాన భయం లేదు. బొబ్బిలి గానీ పార్వతీపురం గానీ చేరితే అక్కడి నుంచి ప్రత్యేక బస్సులు వేస్తారు. రాత్రి ఉండడానికి గదులు మాత్రం ఈ రెండు ఊళ్లలోనే చూసుకోవాలి. దుప్పటి, స్వెట్టరు తప్పనిసరి.